ఒక ఛానెల్ మూగబోయిన ఆంప్లిఫయర్: ట్రాన్సిస్టర్లు పీకే ముందు చూడాల్సినవి

అడిగిన విషయం ఇదీ: రెండు ఛానెళ్ల ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ (ప్రీ-ఆంప్లిఫయర్, పవర్ ఆంప్లిఫయర్ రెండూ ఒకే పెట్టెలో ఉన్నది). ఆన్ చేసిన నాలుగైదు సెకన్లకు లోపల రిలే (స్పీకర్లను కలిపే కరెంటు స్విచ్) టక్‌మంటోంది, కుడివైపు పాట శుభ్రంగా వస్తోంది, ఎడమవైపు చప్పుడే లేదు. ఫ్యూజులు బాగున్నాయి. ఎడమవైపు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చేయమంటారా?

ఇప్పుడే వద్దు. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. స్పీకర్ ప్రొటెక్షన్ ఉన్న సెట్లలో చాలావాటికి రెండు ఛానెళ్లకూ కలిపి ఒకటే కాపలా సర్క్యూట్ ఉంటుంది. ఏ వైపు అవుట్‌పుట్‌లో డీసీ (స్పీకరును కాల్చేసే నిలకడ వోల్టేజి) కనిపించినా అది రిలేను ఆన్ కానివ్వదు, రెండు వైపులా నోరు మూతపడుతుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే డీసీ రావడం దాదాపు ఖాయం. మీ రిలే ఆన్ అవుతోంది, కుడివైపు పాడుతోంది. అంటే ఎడమ అవుట్‌పుట్‌లో డీసీ లేదు, సిగ్నల్ మాత్రం దారిలో ఎక్కడో తెగిపోయింది. అది రిలే కాంటాక్టు కావచ్చు, స్విచ్ కావచ్చు, సోల్డర్ వదిలిన ఒక కాలు కావచ్చు, ఎండిపోయిన ఒక చిన్న కెపాసిటర్ కావచ్చు. ట్రాన్సిస్టర్ల వంతు చివర్లో వస్తుంది. ప్రొటెక్షన్ లేని అసెంబుల్డ్ సెట్లకు ఈ లెక్క వర్తించదు, వాటి గురించి కింద రాశాను.

ఇంకో సంగతి. సర్క్యూట్ డయాగ్రం లేదని దిగులు పడకండి. పాడుతున్న కుడి ఛానెలే మీ డయాగ్రం. కుడివైపు ఒక పాయింట్ కొలవండి, ఎడమవైపు అదే పాయింట్ కొలవండి. రెండూ ఎక్కడ వేరుపడ్డాయో లోపం దానికి కాస్త ముందో వెనకో ఉంటుంది. ఒక ఛానెల్ పోయిన సెట్టు రిపేరుకు సులువు, రెండూ పోయినదే కష్టం.

మూత తీయకుండానే తేలేవి

సెట్టు ఆఫ్ చేసి, వెనక టెర్మినళ్ల దగ్గర ఎడమ, కుడి స్పీకర్ వైర్లు అటూ ఇటూ మార్చండి. మౌనం స్పీకరుతో పాటే జరిగితే లోపం స్పీకరుది లేదా వైరుది. టెర్మినల్ దగ్గరే ఉండిపోతే సెట్టుది. తర్వాత ఇన్‌పుట్ పిన్నులు అలాగే మార్చి చూడండి, కేబులు లేదా సోర్సు సంగతి తేలిపోతుంది. వేరే ఇన్‌పుట్‌లో కూడా పెట్టి చూడండి. ఒక్క ఇన్‌పుట్‌లోనే ఎడమ లేకపోతే ఆ సాకెట్ సోల్డర్, లేదంటే సెలెక్టర్ స్విచ్. టేప్ మానిటర్ బటన్, స్పీకర్ ఏ-బీ స్విచ్, బ్యాలెన్స్ నాబ్ పది పదిహేనుసార్లు కదిపి చూడండి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని స్విచ్చే ఎక్కువ మొండికేస్తుంది. వెనక ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ సాకెట్ల మధ్య యు ఆకారపు లోహపు లింకులు ఉంటే అవి పీకి, తుడిచి మళ్లీ పెట్టండి. వాటి మీద చిలుము పట్టి ఒక వైపు పోవడం చాలా మామూలు.

మోనో బటన్ ఉంటే దాన్ని మించిన పరీక్ష లేదు. నొక్కగానే ఎడమ స్పీకర్ పలికితే మోనో స్విచ్ తర్వాత ఉన్నదంతా బాగున్నట్టే, లోపం దానికి ముందు. నొక్కినా ఎడమ పలక్కపోతే లోపం తర్వాత. నొక్కినప్పుడు బాగున్న కుడి గొంతు కూడా పడిపోతే అది ఇంకా మంచి ఆధారం: ఎడమ సిగ్నల్ లైను ఎక్కడో గ్రౌండుకు తగులుతోంది.

హెడ్‌ఫోన్ సాకెట్ కూడా అలాంటిదే. చాలా సెట్లలో హెడ్‌ఫోన్‌కు సిగ్నల్ పవర్ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ నుంచే, రిలేకు ముందే, రెండు మూడు వందల ఓమ్‌ల రెసిస్టర్ల ద్వారా వెళ్తుంది. హెడ్‌ఫోన్లో రెండు వైపులా వినిపిస్తే ఆంప్లిఫయర్ మొత్తం ఆరోగ్యంగా ఉన్నట్టే, మిగిలింది రిలే, స్పీకర్ స్విచ్, అవుట్‌పుట్ టెర్మినల్. కొన్నిటిలో హెడ్‌ఫోన్‌కు వేరే చిన్న ఐసీ ఉంటుంది, అప్పుడు ఈ పరీక్ష పనికిరాదు.

వాల్యూమ్ బాగా పెంచితే ఒక్కసారిగా ఎడమ పలికి, తగ్గిస్తే మళ్లీ ఆగిపోతోందా? అయితే ముందు రిలేనే అనుమానించండి, ఆ తర్వాత స్పీకర్ స్విచ్‌ని. కాంటాక్టు మీద పట్టిన పొరను పెద్ద సిగ్నల్ చీల్చుకుని పోతుంది, చిన్న సిగ్నల్ పోలేదు.

రిలే

మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి రిలే కాంటాక్టు బాగుందని తేల్చేస్తే మోసపోతారు. పని చేసేటప్పుడు కొలవాలి. ఎడమవైపు 8 ఓమ్‌ల, 25 వాట్లకు తగ్గని రెసిస్టర్ స్పీకరుకు బదులు లోడుగా పెట్టి, ఫోన్లోంచి సైన్ టోన్ (ఒకే శృతిలో మోగే శబ్దం) ఇచ్చి, రిలేకు ముందు అవుట్‌పుట్‌లో 2 వోల్టులు ఏసీ వచ్చేలా వాల్యూమ్ పెట్టండి. కరెంటు పావు ఆంపియర్. మీటర్ ప్రోబులు రిలే కాంటాక్టుకు ఇటూ అటూ పెట్టి మిల్లీవోల్టులు చూడండి. మంచి కాంటాక్టు మీద అయిదు, పది మిల్లీవోల్టులు మించవు. వందల్లో ఉంటే కాంటాక్టు కాలింది. మొత్తం 2 వోల్టులూ అక్కడే కనిపిస్తే కాంటాక్టు అసలు కలవడం లేదు.

పారదర్శకమైన మూత ఉన్న రిలే అయితే మూత తీసి, మామూలు కాగితం సన్నగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి మెల్లగా నొక్కి లాగండి. కాగితానికి నల్లగా అంటుతుంది. నలుపు ఆగేదాకా చేయండి. గరుకు కాగితం వద్దు, పై పూత లేచిపోతుంది, నాలుగు నెలలకు మళ్లీ అదే కథ. కాంటాక్టు మీద గుంటలు పడితే రిలే మార్చడమే. కాయిల్ వోల్టేజి పాత దాని మీద ఉన్నదే ఉండాలి (24 వోల్టులది ఎక్కువగా కనిపిస్తుంది), పిన్నుల అమరిక సరిపోవాలి, కాంటాక్టు రేటింగు 5 ఆంపియర్లకు తగ్గకూడదు.

మూత తీశాక

ప్లగ్గు పీకండి. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ప్లస్, మైనస్ రెండు వైపులవీ విడివిడిగా 100 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్‌తో, పది సెకన్ల చొప్పున డిశ్చార్జ్ చేసి, మీటరుతో ఒక వోల్టు లోపుకు దిగిందో లేదో చూడండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు ఉంటే మానేయండి, కెపాసిటర్ లోపలి కనెక్షనూ ట్రాకూ రెండూ దెబ్బతింటాయి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఎస్‌ఎంపీఎస్‌తో (స్విచింగ్ పవర్ సప్లైతో) నడిచే సెట్టయితే, దాని ప్రైమరీ వైపు, అంటే మెయిన్స్ వచ్చే వైపు, మూడు వందల వోల్టుల పైన డీసీ ఉంటుంది. అక్కడ అనుభవం లేకపోతే చేయి పెట్టొద్దు.

ముందు కళ్లతో చూడండి. టార్చి పక్కనుంచి వేసి, భూతద్దంతో బోర్డు అడుగున సోల్డరు చూడాలి. కాలు చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి వలయం కనిపిస్తే అది డ్రై సోల్డర్. ఎక్కడ ఎక్కువగా వస్తుందంటే, బరువున్న చోట, వేడున్న చోట. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కాళ్లు, 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు, ఇన్‌పుట్ సాకెట్లు, రిలే పిన్నులు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది అవుట్‌పుట్ దగ్గర లావుపాటి రాగి తీగతో పది పదిహేను చుట్లు చుట్టిన కాయిల్. దాని కాలు సోల్డరులోంచి ఊడితే ఛానెల్ పూర్తిగా మూగబోతుంది, లేదా దాని పక్కనున్న చిన్న రెసిస్టర్ ద్వారా బలహీనంగా పలుకుతుంది. డీసీ ఉండదు, ప్రొటెక్షన్ పడదు, ట్రాన్సిస్టర్లన్నీ బాగుంటాయి. దాని ఎనామెల్ సరిగ్గా గీకకుండా ఫ్యాక్టరీలో సోల్డర్ వేసినవి కూడా ఉంటాయి, పైకి మెరుస్తూ లోపల అంటుకోకుండా.

పాత సెట్లలో పెద్ద కెపాసిటర్లు కదలకుండా పూసిన పసుపు జిగురు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగి, కరెంటును పోనిస్తుంది, కాళ్లను కొరికేస్తుంది. దాని కింద జంపర్ వైరు తెగిపోయి ఉండటం కొత్త కాదు. గీకి తీసేయండి.

ఏమీ కనిపించకపోతే ఇక సిగ్నల్ వెంట నడవాలి. ఫోన్లో 400 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టి, ఒకటే సిగ్నల్ రెండు ఇన్‌పుట్లకూ ఇవ్వండి. 1000 హెర్ట్జ్ అందరూ చెప్తారు గానీ, మామూలు మల్టీమీటర్ల ఏసీ రేంజి 400 దాటితే నమ్మకంగా ఉండదు. స్పీకర్లు తీసేయండి. వాల్వ్ ఆంప్లిఫయర్ (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలతో నడిచేది) అయితే మాత్రం లోడు లేకుండా ఎప్పుడూ నడపకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. మీటర్ ప్రోబుకు 0.1 మైక్రోఫారడ్, 250 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ సిరీస్‌లో పెట్టుకుంటే డీసీ వచ్చి ఏసీ రీడింగును చెడగొట్టదు.

ఇన్‌పుట్ సాకెట్ దగ్గర 200 మిల్లీవోల్టులు ఇచ్చారనుకుందాం. సెలెక్టర్ దాటాక రెండు వైపులా 200 ఉండాలి. టోన్ కంట్రోల్ బోర్డు దాటాక రెండూ సమానంగా ఉండాలి. వాల్యూమ్ పాట్ మధ్యకాలు దగ్గర రెండూ దగ్గరగా ఉండాలి, పదిశాతం తేడా ఉన్నా ఫరవాలేదు. ఎక్కడ కుడి ఉండి ఎడమ సున్నా అయిందో అక్కడ ఆగండి. ప్రీ వైపు 4558, 5532 లాంటి ఎనిమిది కాళ్ల ఐసీ ఉంటే 8వ కాలు ప్లస్ సప్లై, 4వది మైనస్, 1, 7 అవుట్‌పుట్లు. ప్లస్-మైనస్ సప్లై ఉన్న చోట అవుట్‌పుట్ కాళ్ల మీద డీసీ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఒకటి సున్నా, రెండోది 12, 13 వోల్టులకు అతుక్కుని ఉంటే ఐసీలో ఆ సగం పోయింది, లేదా దాని చుట్టూ ఒక రెసిస్టర్ ఓపెన్ అయింది (లోపల తెగింది).

సిగ్నల్ ఉన్నట్టుండి మాయమైతే మ్యూట్ ట్రాన్సిస్టర్‌ని మరిచిపోకండి. ఆన్, ఆఫ్ చేసేటప్పుడు టప్పుమనకుండా సిగ్నల్ లైను నుంచి గ్రౌండుకు ఒక చిన్న ట్రాన్సిస్టర్ పెడతారు, ఒక్కో ఛానెల్‌కు ఒకటి. అది షార్ట్ అయితే ఛానెల్ పని అయిపోయినట్టే, మోనో నొక్కితే రెండోది కూడా పడిపోయేది ఇలాంటప్పుడే. దాని కలెక్టర్ కాలు ఒకటి పైకి లేపి చూడండి. పాట వస్తే దొంగ దొరికాడు.

పవర్ ఆంప్లిఫయర్‌లో చాలామంది పొరబడే చోటు

సిగ్నల్ పవర్ బోర్డు ఇన్‌పుట్ దాకా రెండు వైపులా సమానంగా వచ్చి, అవుట్‌పుట్‌లో ఎడమ మాత్రం లేదనుకుందాం. ముందు డీసీ. సప్లై ప్లస్, మైనస్ 38 వోల్టులైతే ఎడమ బోర్డు మీద కూడా అవి అంతే ఉండాలి. చిన్న ట్రాన్సిస్టర్లకు సప్లై తరచూ 47, 100 ఓమ్‌ల ఫ్యూజిబుల్ (ఎక్కువ కరెంటు వస్తే ఫ్యూజులా తెగే) రెసిస్టర్ ద్వారా వస్తుంది. అది మాడకుండానే ఓపెన్ అవుతుంది, చూసి చెప్పలేం, రెండు చివర్ల వోల్టేజి కొలవాలి. రిలేకు ముందు అవుట్‌పుట్ డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి.

డీసీ అంతా సరిగ్గా ఉంది, గొంతు మాత్రం చెవి స్పీకరుకు ఆనిస్తే గానీ వినపడనంత సన్నగా, కానీ శుభ్రంగా ఉంది. ఇక్కడే జనం ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటిగా మార్చి డబ్బూ ఓపికా పోగొట్టుకుంటారు. చూడాల్సింది ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్. అవుట్‌పుట్ నుంచి 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వెనక్కి ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు వస్తుంది, అక్కడి నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, దాని వెంట 47 నుంచి 220 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ ఒకటి గ్రౌండుకు పోతాయి. విలువలు సెట్టుకు సెట్టుకూ మారతాయి, అమరిక మారదు. ఈ విలువలకు గెయిన్, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ లెక్క, 23. లోపలికి 50 మిల్లీవోల్టులు వెళ్తే బయటికి 1150 రావాలి. ఆ ఎలక్ట్రోలిటిక్ ఎండి ఓపెన్ అయితే గ్రౌండుకు దారి ఉండదు, గెయిన్ 23 నుంచి 1కి పడిపోతుంది. 50 వెళ్తే 50 వస్తుంది. డీసీకి ఎలాగూ గెయిన్ 1 కాబట్టి డీసీ రీడింగులన్నీ నూటికి నూరు కరెక్టుగా కనిపిస్తాయి. అందుకే ఇది దొరకదు.

పరీక్ష చిన్నదే: కెపాసిటర్ కాళ్ల మధ్య ఏసీ కొలవండి. పని చేసేదాని మీద సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఎండిపోయినదాని మీద ఇంచుమించు ఇన్‌పుట్ అంతా, అంటే ఇక్కడ 50 మిల్లీవోల్టులు కనిపిస్తుంది. అదే కెపాసిటర్ ఓపెన్ కాకుండా షార్ట్ అయితే కథ తిరగబడుతుంది: పాట బాగానే వస్తుంది, కానీ అవుట్‌పుట్‌లో 10 మిల్లీవోల్టుల డీసీ ఆఫ్‌సెట్ 230 అవుతుంది. మార్చేటప్పుడు రెండు ఛానెళ్లవీ కలిపి మార్చండి, వాటి వయసు ఒకటే. ఇన్‌పుట్ కప్లింగ్ కెపాసిటర్, సాధారణంగా 1 నుంచి 10 మైక్రోఫారడ్లది, ఓపెన్ అయితే కూడా మౌనమే. అది ఇటు 50, అటు సున్నా అని వెంటనే పట్టిస్తుంది.

డీసీ ఉంటే

ఛానెల్‌కో రిలే ఉన్నవాటిలో, ప్రొటెక్షనే లేనివాటిలో అవుట్‌పుట్ మీద ఒక సప్లై వోల్టేజి మొత్తం కనిపించవచ్చు. స్పీకర్ అసలు తగిలించొద్దు. పవర్ ఆఫ్, డిశ్చార్జ్, ఆపైన మీటర్ డయోడ్ రేంజి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కలెక్టర్, ఎమిటర్ మధ్య అటూ ఇటూ సున్నా చూపితే షార్ట్. ఎన్‌పీఎన్ అయితే ఎర్ర ప్రోబ్ బేస్ మీద పెడితే మిగతా రెండు కాళ్లకూ 0.4 నుంచి 0.65 రావాలి, పీఎన్‌పీ అయితే నల్ల ప్రోబ్. రెండు మూడు ట్రాన్సిస్టర్లు ప్యారలల్‌లో (కాళ్లు ఒకదానికొకటి కలిపి) ఉంటే ఒకటి షార్ట్ అయినా అన్నీ షార్ట్ అయినట్టే కనిపిస్తాయి, తీసి విడిగా చూడాలి.

ఒక్క సప్లై ఫ్యూజు పోయినా అవుట్‌పుట్ రెండో వైపుకు లాగబడి డీసీ వస్తుంది. పోయిన ఫ్యూజు స్థానంలో కొత్తది పెట్టి ఆన్ చేయడం కన్నా ముందు అది ఎందుకు పోయిందో చూడాలి.

షార్ట్ అయిన ట్రాన్సిస్టర్ ఒంటరిగా పోదు. దాని జంట, రెండు డ్రైవర్లు (వాటిని నడిపే చిన్న ట్రాన్సిస్టర్లు), 0.22 లేదా 0.33 ఓమ్‌ల ఎమిటర్ రెసిస్టర్లు, బేస్ దగ్గర కొద్ది ఓమ్‌ల రెసిస్టర్లు, బయాస్ (పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే చిన్న కరెంటు) పెట్టే ట్రాన్సిస్టర్ అన్నీ తీసి పరీక్షించండి. ఇందులో ఒక్కటి వదిలేస్తే కొత్త ట్రాన్సిస్టర్లు ఆన్ చేసిన సెకనులో పోతాయి. అవుట్‌పుట్ నుంచి గ్రౌండుకు 10 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ జంట ఉంటుంది. అందులో రెసిస్టర్ మాడి ఉంటే ఆంప్లిఫయర్ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అయిందని అర్థం. 2ఎస్‌సి5200, 2ఎస్‌ఏ1943 లాంటి వాటికి నకిలీలు విపరీతం. కొత్త వాటి బేస్-ఎమిటర్ కెపాసిటెన్స్‌ను బాగున్న ఛానెల్ నుంచి విప్పిన ట్రాన్సిస్టర్‌తో పోల్చండి. బాగా తక్కువ చూపితే లోపల చిప్పు చిన్నదని అనుమానించాలి.

బిగించేటప్పుడు మైకా (కరెంటు పోనివ్వని పలుచని రేకు), పేస్టు కొత్తవి వేసి, కలెక్టర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య షార్ట్ లేదని మీటరుతో చూడండి. బయాస్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి బయాస్ సరిచేసే చిన్న రెసిస్టర్) పాతదైతే మార్చేయడం మేలు. చాలా సర్క్యూట్లలో దాని మధ్యకాలు కాంటాక్టు వదిలితే బయాస్ ఒక్కసారిగా పైకి పోయి, కొత్త ట్రాన్సిస్టర్లను కాల్చేస్తుంది. ప్రీసెట్‌ను కనిష్ఠ కరెంటు వైపు తిప్పి, మెయిన్స్‌కు సిరీస్‌లో 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయండి (ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు). బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి మళ్లీ వెతకండి. మసకబారాక అవుట్‌పుట్ డీసీ చూసి, బాగుంటే బల్బు తీసేసి, ఇన్‌పుట్ షార్ట్ చేసి, లోడు లేకుండా బయాస్ పెట్టండి. 0.22 ఓమ్‌ల రెసిస్టర్ మీద 5.5 మిల్లీవోల్టులంటే 25 మిల్లీ ఆంపియర్లు. సర్వీస్ మాన్యువల్ విలువ తెలిస్తే అదే పెట్టాలి, లేకపోతే కుడి ఛానెల్లో ఎంత ఉందో అంత. పదిహేను నిమిషాలు వేడెక్కాక మళ్లీ సరిచేయండి.

ఐసీ సెట్లు

పవర్ ఆంప్లిఫయర్ మొత్తం ఒకే ఐసీలో ఉన్న సెట్లో డీసీ సున్నా, సప్లై ఉంది, అయినా మౌనంగా ఉంటే ఐసీ మార్చే ముందు మ్యూట్ కాలు చూడండి. టీడీఏ7294లో 9 స్టాండ్‌బై, 10 మ్యూట్. రెండూ 3.5 వోల్టుల పైన ఉంటేనే పాడుతుంది, 1.5 కిందికి దిగితే నోరు మూసుకుంటుంది. ఎల్‌ఎం3886లో 8వ కాలు నుంచి మైనస్ వైపుకు కనీసం అర మిల్లీ ఆంపియర్ లాగాలి. ఆ రెసిస్టర్ ఓపెన్ అయితే ఐసీ పూర్తి ఆరోగ్యంతో మూగగా కూర్చుంటుంది. ఈ రెండిటిలో లోహపు వీపు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది (ఎల్‌ఎం3886లో ప్లాస్టిక్ వీపున్న రకం తప్ప), కాబట్టి మైకా లేకుండా బిగించొద్దు.

ఒకే సప్లైతో నడిచి, అవుట్‌పుట్‌లో 1000 లేదా 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉన్న సెట్టయితే, ఆ కెపాసిటర్‌కు ముందు సగం సప్లై ఉండాలి. 24 వోల్టులకు 12. అది సరిగ్గా ఉండి బయట పాట లేకపోతే కెపాసిటరే. బ్రిడ్జ్ అవుట్‌పుట్ ఉన్న కార్ ఆంప్లిఫయర్లలో స్పీకర్ రెండు వైర్లూ గ్రౌండుకు అయిదారు వోల్టులు చూపుతాయి. అది లోపం కాదు, రెండు వైర్ల మధ్య సున్నా ఉంటే చాలు. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్పు మాత్రం వాటికి తగిలించొద్దు.

మీ సెట్టుకు వస్తే, ముందు మోనో బటన్, హెడ్‌ఫోన్, వాల్యూమ్ పెంచి చూడటం. ఈ మూడూ అయిదు నిమిషాల పని. అప్పటికీ తేలకపోతే ఎడమవైపు మూడు రీడింగులు తీసుకోండి: పవర్ బోర్డు ఇన్‌పుట్ ఏసీ, రిలేకు ముందు అవుట్‌పుట్ ఏసీ, అదే చోట డీసీ. పక్కనే కుడివైపు అవే మూడు రాసి పంపండి, ఏ పార్టు విప్పాలో అప్పుడు చెప్పగలను.